కరెంటు మన్ను

ఆ ఏడు తొలి పెద్దవాన కురిసిన ఉదయం ఏడో నంబర్ గని మేనేజరు బషీరుద్దీన్ తన గదిలో కుదురుగా కూర్చోలేకపోయారు. గొడుగు కూడా మరచిపోయి మోతవాగు తూము దగ్గరికి వచ్చి, అక్కడి రేకుల షెడ్డులో మట్టి శాస్త్రవేత్త డాక్టర్ మల్లీశ్వరి పక్కన నిలబడ్డారు. ఆమె ముందు స్విచ్చుల పెట్టె, ఒక టెలిఫోను ఉన్నాయి. ఆ టెలిఫోను తీగ నేల కిందికి, బొగ్గు గనిలోకి పోతుంది.

మోతవాగు ఆ గని నెత్తి మీదుగానే పారుతుంది. వాగు కింద ఏళ్ల తరబడి బొగ్గు తవ్వి తీశారు. తవ్విన చోటల్లా నేల కొద్దికొద్దిగా కుంగి, కింది రాతిలో చీలికలు పడ్డాయి. నీళ్లు వాటిలోంచి గనిలోకి దిగకుండా వాగుకు కాంక్రీటు పరుపు వేసి, రెండు పక్కలా గోడలు లేపి, పెద్ద తూములా కట్టి దాటించారు. అయితే నేల కుంగినప్పుడల్లా కాంక్రీటు కూడా పగిలేది. వానాకాలం వస్తే లోపల కప్పు కారడం, పంపులు ఆగకుండా మొత్తుకోవడం మామూలైపోయింది.

మల్లీశ్వరి ఆ పగుళ్లలో కొత్త మట్టి నింపింది. పుట్టుకకు అది నల్లరేగడే. ఎండాకాలం నెర్రెలు విచ్చి, వాన పడగానే ఉబ్బి మూసుకుపోయే చేలలోని మట్టే. దాన్ని ఆమె ఏళ్ల తరబడి ప్రయోగశాలలో రకరకాల లవణాలతో పదును చేసి, కరెంటు మాట వినేలా మార్చింది. తూము అడుగున ఒక ఇనుప వల, గనిలో అన్నిటికన్నా పైనున్న సొరంగం, అంటే మొదటి గ్యాలరీ, దాని కప్పులో ఇంకో ఇనుప వల, రెంటి నడుమ రాతి పగుళ్ల నిండా ఈ మట్టి. పై నుంచి కిందికి కరెంటు పారితే మట్టి ఉబ్బి రాయిలా బిగుసుకోవాలి. కాగితాల్లో దానికి పొడుగాటి పేరు ఉంది. కార్మికులు మాత్రం 'కరెంటు మన్ను' అనేశారు.

"పెట్టమంటారా సార్?" అంది మల్లీశ్వరి.

"పెట్టండి మేడమ్. ఇగ అల్లా మీదనే భారం."

ఆమె స్విచ్చు వేసింది. పైన ఏ మార్పూ కనిపించలేదు. ఎర్రటి నీళ్లు మునుపటిలాగే తూములోంచి ఉరుకుతున్నాయి. బషీరుద్దీన్ టెలిఫోను వైపే చూస్తూ తడిసిన కళ్లద్దాలు తుడుచుకున్నారు, మళ్లీ తుడుచుకున్నారు. చాలాసేపటికి అది మోగింది.

అవతల మల్లీశ్వరి చెల్లెలు స్వరూప. ఆ గనిలో ఓవర్‌మన్ ఉద్యోగం, అంటే ఒక షిఫ్టు మనుషులందరి బాగోగులూ ఆమెవే. గనిని అక్కడ అందరూ బాయి అంటారు. ఆ బాయిలోకి టోపీ దీపం పెట్టుకొని దిగిన మొదటి ఆడమనిషి స్వరూపే.

"అక్కా," అని ఆగింది స్వరూప. వెనక నుంచి ఈలలు వినిపిస్తున్నాయి.

"ఏమైందే? చెప్పు!"

"కారుడు ఆగిందక్కా. మొత్తం ఆగింది. నేను బాయిల చేరినంక వానకాలం నెత్తి మీద సుక్క వడకుంట నిలవడుడు ఇదే మొదలు. మనోళ్లు టోపీలు తీసి ఎగురుతున్నరు. టోపీలు తీయొద్దని నేను అరుస్తున్న, ఎవ్వలు వింటలేరు!"

మల్లీశ్వరి ఫోను బషీరుద్దీన్ చేతికిచ్చి, బయట వానలోకి వెళ్లి నిలబడింది. తాను ఏడుస్తున్నట్టు ఎవరికీ కనిపించకూడదనుకుంది.

సాయంత్రం అక్కాచెల్లెళ్లు గంగిపేటలో తల్లి లచ్చవ్వ ఇంటికి వెళ్లారు. గంగిపేట వాగు దిగువన ఉంటుంది. గని క్వార్టర్లు, బజారు, ఆసుపత్రి అన్నీ అక్కడే. లచ్చవ్వ గడపలో బియ్యం ఏరుతూ చిన్న కూతురిని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎండిన బట్టల్తోటి అచ్చినవేందే? డ్యూటీ ఎగ్గొట్టినవా?"

"ఎగ్గొట్టలేదవ్వా. అక్క నీళ్లు బందు పెట్టింది."

లచ్చవ్వ లేచి వచ్చి స్వరూప చొక్కా చెయ్యి పట్టుకుని నలిపి చూసింది. పొడిగా ఉంది. మల్లీశ్వరి పదో తరగతి చదివే రోజుల్లో మోతవాగు ఒకనాడు గనిలోకి తెగబడింది. ఆ షిఫ్టులో పైకి రాని వాళ్లలో లచ్చవ్వ భర్త కనకయ్య ఒకడు. ఆనాటి నుంచి ఆమె వాగు పేరు ఎత్తలేదు. పెద్ద కూతురు మట్టి చదువు చదువుతానంటే అర్థం కాలేదు. చిన్న కూతురు బాయిలో దిగుతానంటే నెలల తరబడి మాట్లాడలేదు. ఇప్పుడా చొక్కా చెయ్యి వదలకుండానే, "అన్నం తిందురు రాండ్రి" అంది. ఇద్దరికీ తన చేత్తోనే కలిపి పెట్టింది.

ఆ మట్టి గురించి మల్లీశ్వరికి తెలిసినది మరొకటి ఉంది. అది ప్రయోగశాలలో జరిగింది. ఆమె శిష్యురాలు ఒకమ్మాయి ఒకరోజు తీగలు తారుమారుగా తగిలించింది. గాజు తొట్టిలో మట్టి పైన మూరెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. ముప్పావు గంట గడిచాక, ఇద్దరూ చూస్తుండగానే ఆ నీళ్ల అడుగున మట్టి నెర్రెలిచ్చింది. మే నెల చేనులో విచ్చినట్టే విచ్చింది. నీళ్లన్నీ జరజరా కిందికి దిగిపోయాయి. ఆ అమ్మాయి భయపడి తీగలు సరిచేసింది. మట్టి మూసుకోలేదు. తర్వాత మల్లీశ్వరి ఎన్ని విధాలుగా ప్రయత్నించినా ఆ మట్టి మళ్లీ కలవలేదు. ఒకసారి అటు తిరిగి విచ్చిన కరెంటు మన్ను జన్మలో మాట వినదు.

అందుకే గనిలో అమర్చేటప్పుడు ఆమె ఒక జాగ్రత్త తీసుకుంది. కరెంటు పొరపాటున కూడా అటు తిరగకుండా మొదటి గ్యాలరీలో, కప్పులోని ఇనుప వల పక్కన, ఒక తాళపు పెట్టె బిగించింది. పైన ఎవరు ఏ స్విచ్చు తిప్పినా, కిందికి దిగి ఆ తాళం తీస్తే తప్ప కరెంటు తిరగబడదు.

మూడో వానాకాలం అసలైన పరీక్ష తెచ్చింది.

వారం పాటు ముసురు విడవలేదు. ఆ రోజు తెల్లవారుతుండగా ఎగువన పెద్దచెరువు కట్ట తెగిందని కబురు వచ్చింది. నిబంధన ప్రకారం స్వరూప షిఫ్టు వాళ్లందరినీ బాయి నుంచి బయటికి తెచ్చేసింది. మనుషులు ఇళ్లకు పోవడానికి లేదు. గంగిపేట రోడ్డు అప్పటికే మునిగింది. అందరూ తూము దగ్గరి గట్టు మీద వానలో గుంపుగా నిలబడ్డారు. తూము నోటి నిండా నీళ్లు వస్తున్నాయి. దుంగలు, గడ్డివాములు, ఒక ఎడ్లబండి చక్రం కొట్టుకుపోయాయి.

మల్లీశ్వరి సెల్‌ఫోన్‌కు తల్లి నుంచి కాల్ వచ్చింది.

"బిడ్డా, క్వార్టర్ల ముంగటికి నీళ్లచ్చినయి. బ్రిడ్జి కాడ చెట్లు అడ్డం వడ్డయట. నేను దవాఖాన్ల ఉన్న. ఈడ లేవలేనోళ్లు మస్తుమంది ఉన్నరే. బాలింతలున్నరు. మేమందరం మోస్తున్నం గని, ఎన్ని మంచాలు మోస్తం?"

"నువ్వు పైకి ఎక్కవ్వా!"

"ఎక్కుత తీయ్. ముందుగాల్ల వీళ్లు," అని లచ్చవ్వ పెట్టేసింది.

చెరువు నీళ్ల అసలు ఉధృతి ఇంకా రాలేదు. అది తూము దాటితే గంగిపేటకు చేరడానికి ఎంతోసేపు పట్టదు. షెడ్డులో బషీరుద్దీన్ వైర్‌లెస్‌లో ఎవరితోనో అరుస్తున్నారు. పడవలు కావాలంటున్నారు. పడవలు వచ్చే దారి లేదంటున్నారు అవతలి వాళ్లు.

మల్లీశ్వరి కిటికీలోంచి గట్టు మీద మనుషుల్ని చూసింది. వాళ్ల కాళ్ల కింద, రాతి కింద, ఏళ్ల తరబడి బొగ్గు తీసిన ఖాళీ ఉంది. ఎన్ని చెరువులైనా పట్టేంత ఖాళీ. ఆ సంగతి అందరికీ తెలుసు. దాని మూత తీయవచ్చని తెలిసింది అక్కడున్న వాళ్లలో ఆమె ఒక్కదానికే. తీస్తే మళ్లీ పెట్టలేమనీ ఆమెకే తెలుసు. తండ్రిని మింగిన నీళ్లను ఆపడానికి సగం జీవితం పెట్టింది. ఇప్పుడు నోరు మూసుకుని నిలబడితే ఎవరూ ఆమెను అడగరు కూడా.

"సార్, ఒక మాట," అంది. కరెంటు తిప్పితే మట్టి విచ్చి వాగు బాయిలోకి దిగుతుందని చెప్పింది.

బషీరుద్దీన్ వైర్‌లెస్ కింద పెట్టేశారు. "బాయి మొత్తం పోతది కదా మేడమ్."

"మొత్తం పోతుంది సార్. పంపులు, యంత్రాలు, ఇంకా తవ్వని బొగ్గు, అన్నీ. మట్టి మళ్లీ కలవదు."

ఆయన పైఆఫీసుకు ఫోన్ చేశారు. లైను కలవలేదు. ఇంకోసారి చేశారు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, "ఇది నేనొక్కన్ని చెప్పేది కాదు. బాయి వాళ్లది కూడా," అని గట్టు మీదికి నడిచారు.

యూనియన్ పెద్ద ఓదెలు ముందు నిలబడి ఉన్నాడు. మరో ఏడాదిలో రిటైర్ కావలసిన మనిషి. మల్లీశ్వరి చెప్పిందంతా విని, "బిడ్డా, బాయి పోతే మళ్ల రాదా?" అని అడిగాడు.

"రాదు కాకా."

"నీళ్లు నిజంగ దిగుతయా?"

"దిగుతాయి. ఊరి దాకా పోయే పోటు తగ్గుతుంది. అది మాత్రం నమ్మకంగా చెప్పగలను."

గుంపులోంచి తిరుపతి అనే కుర్రవాడు ముందుకు వచ్చాడు. కిందటేడే ఉద్యోగంలో చేరినవాడు. "ఏం మాట్లాడుతున్నరు మీరు? బాయి ముంచితే మేమేడికి పోవాలె? ఇయ్యాల ఊరు అంటరు, రేపు మమ్మల్ని ఎవ్వలు సూస్తరు? మేడమ్‌ది ప్రయోగం, బతుకులు మాయి!"

ఎవరూ అతన్ని కసరలేదు. చాలామంది మనసులో ఉన్న మాటే అది. మల్లీశ్వరి కూడా తల దించుకుంది.

"నువ్వన్నది నిజమే తమ్మీ," అంది స్వరూప. "బతుకులు మనయే. ఇప్పుడు దవాఖాన్ల మంచాలు మోస్తున్నోళ్లు కూడ మనోళ్లే. నీ పెండ్లాం ఏడున్నది?"

 తిరుపతి భార్య కాన్పుకు ఆసుపత్రిలో చేరి రెండు రోజులైందని అందరికీ తెలుసు. అతను మొహం అటు తిప్పుకుని, తూము వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి తల మీది టోపీ తీశాడు. ఓదెలు గుంపు వైపు తిరిగాడు. ఒక్కొక్కరే టోపీలు తీశారు. చేతులెత్తమని ఎవరూ అడగలేదు. ఆ దీపాల టోపీలు చేతుల్లో పట్టుకుని వానలో నిలబడ్డారంతే.

"ముంచుండ్రి సార్," అన్నాడు ఓదెలు.

"ఆర్డర్ నాది," అన్నారు బషీరుద్దీన్, అందరికీ వినపడేలా. "ఎవరు అడిగినా గట్లనే చెప్పుండ్రి."

ఇక మిగిలింది తాళం. మల్లీశ్వరి తాళంచెవి చేతిలోకి తీసుకుని బయలుదేరబోయింది. స్వరూప అడ్డం వచ్చింది.

"ఏడికి?"

"తాళం నేను పెట్టింది. నేనే తీస్తా."

"నువ్వు కిందికి పోతే పైన కరెంటు ఎవ్వలు సూస్తరు? ఎంత పెట్టాల్నో ఎప్పుడు పెట్టాల్నో నీకొక్కదానికే ఎరుక. బాయి దారి నాకెరుక. ఇటియ్యి."

"స్వరూపా, నీళ్లు వదిలేది నేనే. నువ్వు కింద ఉండగా…"

"అందుకే నాకు భయం లేదు," అని స్వరూప తాళంచెవి లాక్కుంది. బాయిలోకి ఒంటరిగా ఎవరూ పోకూడదు. ఓదెలు అప్పటికే టోపీ బిగించుకుంటున్నాడు.

వాళ్లిద్దరూ ఏటవాలు దారిలోకి దిగి కనుమరుగయ్యారు. మల్లీశ్వరి షెడ్డులోకి వచ్చి టెలిఫోను పక్కన కూర్చుంది. ప్రయోగశాలలో ఆ మట్టి విచ్చడానికి ముప్పావు గంట పట్టింది. వాళ్లు మొదటి గ్యాలరీ నుంచి పైకి రావడానికి అందులో సగం చాలు. ఆ లెక్క మీదే ఆమె ధైర్యం నిలబడి ఉంది.

ఫోను మోగింది. "తీసినం. పెట్టు అక్కా."

"మీరు పైకి రండి, అప్పుడు పెడతా."

"తూము ఎట్లున్నది?"

మల్లీశ్వరి చూసింది. నీళ్లు గోడలు దాటి గట్టు మీదికి పొర్లుతున్నాయి. ఎగువ మలుపు దగ్గర ఏదో గోధుమరంగు గుట్టలా లేచి వస్తోంది.

"సప్పుడు నాకు ఈడికే ఇనవడుతున్నది," అంది స్వరూప. "నువ్వు మాకోసం ఆగితే అవ్వ మునుగుతది. పెట్టు. మేం ఉరుకుతున్నం." లైను తెగింది.

మల్లీశ్వరి స్విచ్చు తిప్పింది.

ప్రయోగశాల తొట్టి చిన్నది. వాగు అడుగున మట్టి మీద ఉన్న బరువు అందులో లేదు. ఆమె లెక్క అక్కడ తప్పింది. ముప్పావు గంట కాదు గదా, అందులో మూడో వంతు కూడా పట్టలేదు. నేల కింద నుంచి ఒక మూలుగు వచ్చింది. షెడ్డు రేకులు గలగలలాడాయి. తూము నడుమ నీళ్లు మొదట గుంతపడ్డాయి, తర్వాత గిర్రున తిరిగాయి, ఆ తర్వాత వాగు వాగంతా అటు ఒరిగింది. గట్టు మీద పొర్లుతున్న నీళ్లు వెనక్కి మళ్లి తూములో పడుతుంటే మనుషులు కేకలు వేశారు. ఎగువ నుంచి వచ్చిన గోధుమరంగు గుట్ట ఆ సుడిలో విరిగి సగానికి సగం నేలలోకి దిగిపోయింది.

మల్లీశ్వరి అదేదీ చూడలేదు. బాయి నోటి దగ్గరికి పరుగెత్తింది. లోపలి నుంచి గాలి బుస్సుమని కొడుతోంది. లోపల నీళ్లు ఎక్కుతుంటే గాలి పైకి తోసుకొస్తోందని ఆమెకు తెలుసు. అడుగు లోపల పెట్టబోతే తిరుపతి గట్టిగా భుజం పట్టుకుని ఆపాడు.

"ఆగు మేడమ్. స్వరూపక్క అస్తది. ఆగు."

చీకట్లో ఒక వెలుగు ఊగింది. ఒక్కటే. వెలుగు దగ్గరికి వచ్చాక తెలిసింది, రెండో దీపం ఆరిపోయి, ఓదెలు తలతో పాటు స్వరూప భుజం మీద వాలి ఉందని. నడుం దాకా తడిసి, ఓదెలును సగం మోస్తూ సగం ఈడుస్తూ స్వరూప పైకి వస్తోంది. తిరుపతి, ఇంకో నలుగురు లోపలికి ఉరికి ఇద్దర్నీ ఎత్తుకొచ్చారు. బొగ్గు బండ్ల పట్టాల మధ్య ఇరుక్కుని ఓదెలు పాదం చితికిపోయింది.

స్వరూప అక్క మొహంలోకి చూసి, రొప్పుతూనే, "నీ లెక్క తప్పిందే," అంది.

"తప్పింది," అంది మల్లీశ్వరి. చెల్లెల్ని కౌగిలించుకుని నేల మీద కూలబడింది.

గంగిపేటలో నీళ్లు ఆసుపత్రి చివరి మెట్టు దాకా వచ్చి ఆగాయి. కాసేపు అక్కడే ఊగి, వెనక్కి తగ్గాయి. ఎందుకు తగ్గాయో ఆ వేళ ఊళ్లో ఎవరికీ తెలియదు. బ్రిడ్జి దగ్గర చెట్లు కొట్టుకుపోయాయని కొందరన్నారు. తిరుపతి భార్య ఆ మధ్యాహ్నమే ఆడపిల్లను కన్నది. నర్సు పక్కన చేతులు కడుక్కుని మొదట పిల్లను అందుకున్నది లచ్చవ్వ.

రోడ్డు తేలాక కూతుళ్లిద్దరూ ఆమె దగ్గరికి చేరి జరిగింది చెప్పారు.

"మీ బాపు మాట వినలే గా నీళ్లు," అంది లచ్చవ్వ. "మీ మాట విన్నయి." అని ఇద్దరి తలల మీదా చెరో చెయ్యి వేసింది.

విచారణ జరిగింది. ఒక పెద్ద అధికారి మల్లీశ్వరిని కూర్చోబెట్టి అడిగాడు: "మీరు కనిపెట్టిన దాన్ని మీరే పాడు చేశారు. గని పోయింది. మీ ప్రయోగం విఫలమైందని రాసుకోవాలా?"

"రాసుకోండి సార్. కానీ ఎలా విఫలమైందో పూర్తిగా రాయండి," అంది ఆమె. "మట్టి ఎంత త్వరగా విచ్చిందో, నా అంచనా ఎంత తప్పో, ఇద్దరు మనుషులు ఎంతలో తప్పించుకున్నారో అదీ రాయండి. తర్వాత ఇంకెవరైనా చేస్తే వాళ్లకు పనికొస్తుంది."

బషీరుద్దీన్ తన మాట మీదే నిలబడ్డారు. ఆర్డర్ నాదే అన్నారు, ఇంకేమీ అనలేదు. ఆయన్ను దూరపు ఆఫీసులో ఒక మూల కుర్చీకి బదిలీ చేశారు. ఓదెలు మూడు కాలివేళ్లు పోగొట్టుకుని ముందుగానే రిటైరయ్యాడు. ఏడో నంబర్ బాయి నోటికి గోడ కట్టేశారు. మనుషుల్ని నాలుగు చోట్లకు, ఒకరికొకరు కనిపించనంత దూరాలకు, వేరే గనులకు పంచేశారు. పక్కపక్క క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్లలు వేర్వేరు బడుల్లో చేరవలసి వచ్చింది. అందుకు మల్లీశ్వరికి ఎన్నో రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ బాధను ఎవరూ తీయలేదు, తానూ తీసేసుకోవాలనుకోలేదు. ప్రయోగశాలలో మళ్లీ మట్టి కలపడం మొదలుపెట్టింది. ఈసారి విచ్చినా తిరిగి కలిసే మట్టి కావాలి ఆమెకు.

కార్మికులను కొత్త గనులకు తీసుకుపోయే మొదటి బస్సు బయలుదేరే రోజున ఆమె గంగిపేటకు వచ్చింది. అప్పటికి ఊరికి సంగతి తెలిసిపోయింది. ఎవరూ సభ పెట్టలేదు, దండలు తేలేదు. కానీ బస్సు బజారులోకి మలుపు తిరిగేసరికి దుకాణాల వాళ్లు మెట్లు దిగి నిలబడ్డారు. ఆసుపత్రి నర్సులు గేటు దగ్గరికి వచ్చారు. కూరగాయల వాళ్లు గంపలు దింపి లేచారు. బ్రిడ్జి దాకా రెండు పక్కలా మనుషులే. డ్రైవరు ఏం చేయాలో తెలియక బస్సు ఆపేశాడు.

కిటికీలోంచి ఎవరో టీ గ్లాసులు అందించారు. ఎవరో వేడి వేడి సర్వపిండి మూట అందించారు. తిరుపతి బస్సులో లేచి నిలబడి పసిపిల్లను కిటికీ దగ్గరికి ఎత్తి పట్టుకున్నాడు. పిల్ల ఏడుపు అందుకుంది. జనం నవ్వారు.

"ఇగ పోనియ్యన్నా," అన్నాడు తిరుపతి డ్రైవరుతో, పిల్లను భుజాన వేసుకుంటూ. "కొత్త బాయిల మొదటి రోజే లేటైతే బాగుండది."

బస్సు కదిలింది. మల్లీశ్వరి జనంలో, ఒక ముసలమ్మ పక్కన నిలబడి చూస్తోంది. ముసలమ్మది పక్క ఊరు, సంతకు వచ్చినట్టుంది. ఆమె మల్లీశ్వరి మోచెయ్యి తట్టింది.

"ఎవ్వలు బిడ్డా వీళ్లు? గింతమంది నిలవడ్డరు?"

"ఏడో నంబర్ బాయోళ్లవ్వా," అంది మల్లీశ్వరి. బస్సు బ్రిడ్జి ఎక్కుతోంది. అటే చూస్తూ, "ముందు సీట్ల కూసున్నది మా చెల్లె," అంది.